పేరు ఊకుంటది, పని ఊగుతది

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక వేసవిలో, నాంపల్లిలోని వినికిడి లేని పిల్లల బడికి ఇంగ్లిష్ స్కూల్ అసిస్టెంట్‌గా వేశారు. అంటే హైస్కూలు తరగతులకు ఒక సబ్జెక్టు చెప్పే టీచరు. అంతవరకు నా ఉద్యోగమంతా వినే పిల్లల మధ్యే గడిచింది. ఇక్కడ మాట నేర్పే పద్ధతే వేరు. పిల్ల అరచేతిని మన గొంతుకు ఆనించుకుని అక్షరం పలకాలి. క, చ, ట, త, ప అనే పరుషాలకు గొంతు కదలదు. గ, జ, డ, ద, బ అనే సరళాలకు అదురుతుంది. పెదవులను చూస్తే ప, బ రెండూ ఒకటే. తేడా తెలిసేది చేతికే.

స్వరూప ఆ బడిలో చదివి వెళ్లిన అమ్మాయి. ఇంటర్ పాసైంది. అబిడ్స్‌లోని ఒక ప్రెస్సులో ప్రూఫ్‌రీడర్ ట్రైనీ ఉద్యోగానికి, అంటే అచ్చుకు ముందు తప్పులు దిద్దే పనికి, ఇంగ్లిష్‌లో రాతపరీక్ష ఉందని తండ్రి యాదగిరి నా దగ్గరికి తీసుకొచ్చాడు. ఆయన బేగం బజార్‌లో హమాలీ.

"గీ పరీక్ష పోతే మసాలా దుకాణంల ప్యాకింగుకు పెడ్త మేడం. సేటుతోని మాట్లాడిన" అన్నాడు.

స్వరూప ఆ మాటను ఆయన పెదవుల మీదే చదివేసి ముఖం తిప్పుకుంది.

మామూలు స్పెల్లింగ్ తప్పులు ఇట్టే పట్టేది. అడ్వైస్, అడ్వైజ్ దగ్గరే బోల్తా కొట్టేది. మొదటిది సలహా, రెండోది సలహా ఇవ్వడం. నామవాచకానికి సి, క్రియకు ఎస్ అని బోర్డు మీద రాసి బట్టీ పట్టించాను. బ్రెత్ ఊపిరి, బ్రీద్ ఊపిరి పీల్చడం. బిలీఫ్ నమ్మకం, బిలీవ్ నమ్మడం. మర్నాటికి అన్నీ తారుమారు!

ఒకరోజు పెన్ను పక్కన పెట్టి, చిన్నపిల్లలా నా గొంతుకు అరచెయ్యి ఆనించింది. చదవమని సైగ చేసింది. అడ్వైస్, అడ్వైజ్ అన్నాను. మళ్లీ అనమంది. బ్రెత్, బ్రీద్. బిలీఫ్, బిలీవ్. ప్రూఫ్, ప్రూవ్. ఒక్కో జంటకూ ఆమె కళ్లు పెద్దవవుతున్నాయి. చివరికి చెయ్యి తీసి, తనకు వచ్చిన మాటల్లో నెమ్మదిగా అంది.

"పేరు ఊకుంటది మేడం. పని ఊగుతది."

నా గొంతు మీద నేనే చెయ్యి పెట్టుకుని మళ్లీ పలికి చూశాను. నిజమే. నామవాచకం చివర గొంతు ఊరుకుంటోంది, క్రియ చివర అదురుతోంది. జీవితమంతా ఆ మాటలు వింటూ, పలుకుతూ ఉన్నాను, నాకెప్పుడూ తట్టలేదు. ఆమె అన్న ఊకు, ఊగు మాటల్లో క, గ ల మధ్య ఉన్నదీ అదే తేడా. ఆ తేడాను కూడా ఆమె ఎవరో టీచరు గొంతు మీద చెయ్యి పెట్టే నేర్చుకుని ఉంటుంది. ఆ రోజు పాఠం ముందుకు సాగలేదు. ఇద్దరం వరసగా మాటలు వెతుక్కుంటూ కూర్చున్నాం.

అన్ని జంటలూ ఇలా లొంగవు. ప్రాక్టీస్ అనే మాట నామవాచకమైనా క్రియైనా ఒకేలా పలుకుతుంది, రాత మాత్రం మారుతుంది. దాన్ని బట్టీ పట్టక తప్పలేదు.

పరీక్షనాడు యాదగిరి ప్రెస్సు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. లోపల కూతురు తన గొంతు తనే పట్టుకుని మాటలు గొణుగుతుంటే అక్కడి సూపర్‌వైజర్ కంగారుపడి మంచినీళ్లు తెచ్చాడట.

"గొంతుల ఏమన్న ఇర్కిందా బిడ్డా అని అడిగిండు మేడం. నీళ్లు తాగి మల్ల గొంతే పట్టుకున్నది" అని నవ్వుతూ చెప్పాడు. ఉద్యోగం వచ్చిందన్న కబురు ఆ తర్వాత చెప్పాడు.

అప్పటి నుంచి రిటైరయ్యేదాకా ఈ జంటలు చెప్పేటప్పుడు ముందు గొంతు మీద చెయ్యి పెట్టించాను, తర్వాతే బోర్డు మీద రాశాను. వ్యాకరణం చదువుకున్న కంటికో, వినే చెవికో తెలుస్తుందనుకునేదాన్ని. అరచేతికీ తెలుస్తుంది.