పన్నెండేళ్ళు తెరవని వాచీ

కరీంనగర్ చుట్టుపక్కల బోరు మోటారు కాలిపోతే రైతుకు మొదట గుర్తొచ్చే పేరు హనుమండ్లు. ఆయన గుమ్మంలోకి వస్తున్నాడని తెలిస్తే సగం మోటార్లు భయపడి వాటంతటవే తిరుగుతాయని చెప్పుకుంటారు. ఎక్కువగా చెప్పుకునేది హనుమండ్లే. యాభై రెండేళ్ళ మనిషి. మస్కట్ రేవులో పంపులు బాగుచేసి వచ్చి, ఇక్కడ వైండింగ్ దుకాణం పెట్టుకున్నాడు. రాగి తీగ చుట్టే ఆ చేతికి ఇనుప గుండంత వాచీ ఒకటి ఉంటుంది. సముద్రంలో మునిగేవాళ్ళు పెట్టుకునే స్విస్ వాచీ. మూడొందల మీటర్ల లోతుకు తట్టుకుంటుందని డయల్ మీదే రాసి ఉంటుంది.

ఆ వాచీ ఎలా వచ్చిందనేది ఏటా పెరిగే కథ. మొదటి ఏడు, పని మానేసి స్వదేశం వెళ్తూ ఇంజనీరు దొర ఇచ్చాడు. మూడో ఏడు, దొర పంపును హనుమండ్లు కాపాడాడు కాబట్టి ఇచ్చాడు. ఆరో ఏడు, మునిగిపోతున్న దొరనే కాపాడాడు. నిరుడు దసరాకు ఒక సొరచేప కూడా వచ్చి చేరింది.

ఎవరికీ చెప్పని ముక్క ఒకటుంది. దొర వెళ్ళిపోయిన రోజు మస్కట్‌లో తనతో ఒకే గదిలో ఉండేవాళ్ళకు వాచీ చూపిస్తే, ఒకడు చేతిలోకి తీసుకుని తూచినట్టు ఊపి, "గిసోంటియి బజార్ల బుట్టలల్ల పోసి అమ్ముతరు" అన్నాడు. ఆ మాట ముల్లులా దిగింది. పన్నెండేళ్ళయినా బయటికి రాలేదు. అందుకే వాచీ వెనక మూతను ఎవ్వరి చేతా తెరిపించలేదు. తెరిస్తే అసలుదో నకిలీదో తెలిసిపోతుంది.

ఆదివారం పొద్దున బస్టాండు వెనక చాయ్ హోటల్లో వాచీల పిచ్చోళ్ళు కలుస్తారు. బట్టల దుకాణం ఓంప్రకాశ్ కొత్త కొత్త విదేశీ వాచీలు తెస్తాడు. బెల్లంపల్లి బొగ్గుగనిలో చేసి రిటైరైన సిద్దిరాములు బిస్కెట్ డబ్బాలో పాత హెచ్ఎంటీలు తెస్తాడు. అందరికీ పెద్ద వాచీ మెకానిక్ బాలమల్లు. పెళ్ళికి పోయినా పనిముట్ల సంచి వదలడు.

చాయ్ రాకముందే 'సెకండ్లు కలుపుకోవడం' జరగాలి. అందరూ వాచీ పక్కనుండే చావిని బయటికి లాగి, సెకండ్ల ముల్లును పన్నెండు దగ్గర ఆపుతారు. బాలమల్లు ఫోన్లో టైము చూసి "ఇడువుండ్రి" అనగానే చావి లోపలికి నొక్కుతారు. మళ్ళీ ఆదివారానికి ఎవరిది ఎన్ని సెకండ్లు తప్పిందో చూసుకుంటారు. మునిగే వాచీలకు ఇంకో పని కూడా ఉంటుంది. నొక్కాక చావిని సీసా మూతలా తిప్పి బిగించాలి. లేకపోతే నీళ్ళు లోపలికి పోతాయి.

ఆ ఆదివారం అందరి వాచీల చావీలూ బయట ఉండగా ఓంప్రకాశ్ తన కొత్త వాచీ పైకెత్తాడు.

"హనుమండ్లన్నా, నాది సుత మునిగేదే. నీది ఎన్నడన్న మునిగిందా? నేనైతే దాన్ని చాయ్‌ల ముంచంగ గూడ చూడలే."

"సముద్రం చూసొచ్చిన వాచీకి చాయెందుకు సేటూ?"

"మా బాయిల ముంచుదాం మరి. రెండూ ఒక్క తాడుకు. అరగంట."

"నీ బాయి దానికి గుక్కెడు" అని హనుమండ్లు నోరు జారాడు. సరిగ్గా అప్పుడే బాలమల్లు "ఇడువుండ్రి" అన్నాడు. హనుమండ్లు ఓంప్రకాశ్ వైపే చూస్తూ చావి నొక్కాడు.

ఊరి బయట ఓంప్రకాశ్ పొలంలో బావి. రాయి కట్టిన తాడుకు రెండు వాచీలూ కట్టి దింపారు. నల్లటి నీళ్ళలో అవి మెరిసి, మసకబారి, కనబడకుండా పోయాయి. అక్కడే గట్టు మీద కొత్త మోటారు ఉంది. మోటారును చూస్తే సలహా చెప్పకుండా ఉండలేడు హనుమండ్లు.

"సీలు బిగించినవా సేటూ? ఒక్క చుట్టు తక్కువైనా నీళ్ళు లోపటికి..."

బొటనవేలు, చూపుడువేలు గుర్తు చేసుకున్నాయి. పొద్దున నొక్కాయి. తిప్పలేదు.

చెబితే, జిల్లాలో సగం మోటార్లకు సీళ్ళు వేసినవాడు తన వాచీకి వేసుకోలేదని పంక్చర్ దుకాణం దాకా నవ్వుతారు. చెప్పకపోతే వాచీ పోతుంది, పైగా డూప్లికేటు కాబట్టే నీళ్ళు చొరబడ్డాయంటారు. హనుమండ్లు బావి చుట్టూ తిరిగాడు. కూర్చున్నాడు. లేచాడు. టైము చూద్దామని ఖాళీ మణికట్టు చూసుకున్నాడు.

"ఎందుకే గంత పరేషాన్?" అన్నాడు సిద్దిరాములు. "సొరచేపలేం లేవుగని ఎండ్రికాయలుంటయి."

హనుమండ్లు తాడు పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు.

"అరగంట కాలే గదనే" అన్నాడు ఓంప్రకాశ్.

"చావి బిగియ్యలే."

ఎవరూ నవ్వలేదు. అది ఇంకా భయపెట్టింది.

ఓంప్రకాశ్ వాచీ పెళ్ళికొడుకులా పైకొచ్చింది. హనుమండ్లు వాచీకి అద్దం లోపల ఆవిరి పట్టింది. ఒక నీటిబొట్టు ఆరు అంకె మీద కదులుతోంది. సెకండ్ల ముల్లు నాలుగడుగులు వేసి నిలిచిపోయింది.

బాలమల్లు సంచి విప్పాడు. "తెరువాలె. ఆలస్యమైతే జంగు పడుతది."

"ఎండకు పెడితే ఆరదా కాకా?"

"తడిసిన మోటరును నువ్వు ఎండకు పెట్టి ఇంటికి పంపుతవా బిడ్డా?"

పన్నెండేళ్ళుగా దాచింది ఒక్క మూత తిప్పితే బయటపడుతుంది. తిప్పకపోతే వాచీ చస్తుంది. కథ కావాలా, వాచీ కావాలా? హనుమండ్లు ఓంప్రకాశ్, సిద్దిరాములు వైపు చూసి, బాలమల్లుతో "వీళ్ళను జర అటు జరుగుమను" అన్నాడు. ఇద్దరూ నాలుగడుగులు జరిగి, మెడలు మాత్రం అక్కడే ఉంచారు.

మూత ఊడింది. బాలమల్లు కంటికి అద్దం పెట్టుకుని చూస్తూనే ఉన్నాడు.

"చెప్పు కాకా. డూప్లికేటా?" ఆ మాట తన నోటితో అనడం హనుమండ్లుకు అదే మొదలు.

బాలమల్లు అద్దం తీసి ఆయన చేతిలో పెట్టాడు. "మూత లోపట చూడు."

వెంట్రుకంత సన్నటి గీతలు. ఏవో అక్షరాలు, పక్కన ఏళ్ళు. తొంభై ఎనిమిది. రెండువేల మూడు. రెండువేల ఎనిమిది.

"బాగుచేసినోడు తన గుర్తు గీకుతడు. నేను సుత గీకుత. డూప్లికేటుకు ఐదేండ్లకోపారి ఎవడన్న సర్వీసు జేపిస్తడా? మిషన్ అసలుదే. నీ దొర దీన్ని బిడ్డ లెక్క చూసుకున్నడు." బాలమల్లు మూత అంచు నుంచి రబ్బరు రింగు లాగితే అది పొడిపొడిగా రాలింది. "ఇది చూడు. చావి బిగించినా నీళ్ళొచ్చుడే. పదారేండ్ల రబ్బరు."

"రైతులకు రెండేండ్లకోపారి సీలు మార్చుమంటవు గదనే" అన్నాడు ఓంప్రకాశ్ మెల్లగా.

హనుమండ్లు రాలిన రబ్బరు పొడిని వేలితో తాకాడు. బజారుదేమోనని మూత తెరవని పన్నెండేళ్ళూ ఆ రబ్బరును ఎండబెట్టింది తన భయమే.

"బతుకుతదా?"

"ఇప్పుడే చెప్పలేను. నాలుగొద్దులు ఆగు."

ఆ నాలుగు రోజులూ హనుమండ్లు అన్నం సగంలో లేచాడు. "నాకు జ్వరమొచ్చినప్పుడు గిట్ల తిరగలే" అంది భార్య వినోద. రోజుకు మూడుసార్లు బాలమల్లు డబ్బా దుకాణం ముందు నిలబడేవాడు. బాలమల్లు తల ఎత్తేవాడు కాదు. గురువారం ఎత్తాడు. మూడు గీతల కింద నాలుగోది గీకుతున్నాడు. బల్ల మీద సెకండ్ల ముల్లు నడుస్తోంది.

ఆదివారం హోటల్లో వాచీ ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి తిరిగింది. ఓంప్రకాశ్ దాన్ని తిరిగిస్తూ, "దొర ఎట్లిచ్చిండో ఇంకొక్కపారి చెప్పవే" అన్నాడు.

"ఇంటికి పోతుపోతు ఇచ్చిండు."

"గంతేనా? సొరచేపేది?"

"అదే డూప్లికేటు" అన్నాడు హనుమండ్లు. బొటనవేలు అప్పటికే చావిని మూడోసారి బిగించి చూస్తోంది.