మునస్వామి మేస్త్రీ కట్టిన కడ్డీ

మొన్న తిరుపతి కొండకు పోతుంటే మా ముందున్న బస్సు మలుపులో మూలిగి ఆగింది. కాలిన నూనె వాసన కిటికీలోంచి లోపలికి కొట్టింది. మనవరాలు ముక్కు మూసుకుంది. నాకు మాత్రం ఆ వాసనతో మునస్వామి మేస్త్రీ పక్కన వచ్చి కూర్చున్నట్టయింది.

యుద్ధం ముగిసి మిలిటరీ సామాను వేలానికి వచ్చిన రోజులవి. నేను చిత్తూరులో ఒక నూనె మిల్లు షావుకారు దగ్గర డ్రైవరుని. ఆయన మద్రాసులో ఒక అమెరికా కారు కొన్నాడు. దానికి క్లచ్చి లేదు, గేర్లు తనంతట తానే మార్చుకునేది. చూడవచ్చినవాళ్ళు తలుపు తీసి, వంగి మరీ క్లచ్చి కోసం వెతికేవాళ్ళు. ఏడాది తిరక్కుండానే ఇంజన్ పగిలింది. తిరుపతిలో షెడ్డు నడిపే మునస్వామి మేస్త్రీ, అదే కంపెనీ మిలిటరీ లారీ ఇంజన్ ఒకటి తెచ్చి దాంట్లో బిగించాడు. పొట్టి మనిషి, పెద్ద నోరు. తాను ముట్టిన బండి మళ్ళీ షెడ్డు ముఖం చూడదని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. ఆ మాటలో కొంత గొప్ప ఉన్నా, చాలావరకు నిజమే.

చదును రోడ్డు మీద కారు బాగానే పోయింది. షావుకారు, వాళ్ళమ్మను తీసుకుని కొండకు బయలుదేరిన రోజు అసలు సంగతి బయటపడింది. ఎత్తులో నేను యాక్సిలరేటరు అడుగంటా నొక్కినా, కారు చదునులో పోతున్నట్టు పై గేరుకు మారిపోయింది. ఇంజన్ ఉక్కిరిబిక్కిరై ఆగింది. నేను బ్రేకు తొక్కేలోపే బండి వెనక్కి జారి, చక్రం గట్టు రాయికి తగిలి నిలిచింది. ముసలమ్మ గోవిందా గోవిందా అని ఏడుస్తోంది. షావుకారు కిందికి దిగాడు.

"నీకు కాలు పెట్టేది రాదప్పా. రేపట్నుంచి మిల్లుకు రావద్దు" అన్నాడు.

ఘాట్‌లో బండి జార్చినవాడని పేరు పడితే ఈ జిల్లాలో స్టీరింగు ఎవరిస్తారు? ఇంట్లో చంటిబిడ్డ. మేస్త్రీకి ఒకసారి చూపించనివ్వమని బతిమాలుకున్నాను. ఆయన ఏం చెబితే అదేనని షావుకారు ఒప్పుకున్నాడు.

షెడ్డులో అందరూ గేరుపెట్టె విప్పాలన్నారు. మేస్త్రీ వినలేదు.

"ఇంజన్ మార్చకముందు పెట్టె బాగుండేదే కదా? దాన్ని ముట్టద్దండి. మన చెయ్యి యాడ పడిందో ఆడ సూడాల ముందు."

నాతో పాటు ఎత్తు దాకా వచ్చి, కారు ఎలా మొండికేస్తుందో స్వయంగా చూశాడు. తిరిగొచ్చాక కారు కిందికి దూరాడు.

"నొక్కప్పా... పూర్తిగా నొక్కు."

"పూర్తిగానే నొక్కినా మేస్త్రీ!"

నన్నూ కారు కిందికి రమ్మని చూపించాడు. కార్బరేటరు దగ్గర్నుంచి గేరుపెట్టెకు ఒక సన్నటి కడ్డీ పోతుంది. కాలు ఎంత నొక్కామో పెట్టెకు తెలిసేది దానితోనే. లారీ ఇంజన్ మీద ఆ కడ్డీని లాగే పట్టె పొట్టిది కావడంతో కడ్డీ సగమే కదులుతోంది. నేను అడుగంటా నొక్కినా, పెట్టె మాత్రం కాలు తేలిగ్గా ఆనించాననుకుని పై గేరుకు పోతోంది. మేస్త్రీ ఒక పొడుగు పట్టె కోసి, బెజ్జం వేసి బిగించాడు. మళ్ళీ ఎత్తెక్కించి చూశాం. కారు బుద్ధిగా ఎక్కింది.

సాయంత్రం షావుకారు వచ్చాడు. షెడ్డు నిండా బండ్లవాళ్ళున్నారు.

"తప్పు వీని కాలిదే కదా మేస్త్రీ?"

మేస్త్రీ చేతులు తుడుచుకున్నాడు. "కాదు షావుకారూ. ఈయప్ప కాలు సరిగ్గానే ఉండాది. కడ్డీ కట్టింది నేను. కొలత సూడకుండా కట్టినాను. తప్పు నాది."

నా ఉద్యోగం నిలిచింది. షావుకారు మాత్రం ఆ షెడ్డుకు మళ్ళీ బండి పంపలేదు, కనబడిన వాళ్ళందరికీ ఆ కథే చెప్పాడు. సెలవు దొరికినప్పుడల్లా పని నేర్చుకోవడానికని మేస్త్రీ దగ్గరికే పోయేవాణ్ణి. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"గేరుపెట్టె మీదికి తోసేసుంటే పోయేది కదా మేస్త్రీ?"

"పెట్టె మీదికి తోస్తే ఇంకొకడు దాన్ని ఇప్పి పాడు చేస్తాడు. నీ మీదికి తోస్తే నీ ఇంట్లో పొయ్యి ఆరిపోతాది. నాదేముందప్పా, మీసం కొంచెం దిగుతాది, అంతే" అని స్పానరు అందుకున్నాడు.

తర్వాత కాలంలో నేనూ ఒక షెడ్డు పెట్టాను. నేను బాగుచేసిన బండి మళ్ళీ చెడి తిరిగొస్తే, దాన్ని తెచ్చిన డ్రైవరు గుమ్మంలో బిక్కముఖంతో నిలబడేవాడు. అతన్ని కూర్చోబెట్టి టీ తెప్పించి, నేను బండి కిందికి దూరేవాణ్ణి.