నమలని ముద్ద

మా ఇంట్లో రాగిముద్దను నమలరు. వేడి ముద్దలోంచి చిన్న ఉండ తుంచి, సారులో, అంటే మా పప్పుచారులో ముంచి, నాలుక మీద పెట్టుకుని గుటుక్కున మింగాలి. పంటికి తగిలిందా, అంటుకుంటుంది. పైగా చూసేవాళ్ళు నవ్వుతారు. నాలుగేళ్ళప్పుడు నేను ఒకసారి నమిలానట. "ఎద్దు మాదిరి నెమరేస్తా ఉండాది చూడండి" అని అమ్మ ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించిందట. ఆ తర్వాత నేనెప్పుడూ నమల్లేదు.

తొమ్మిదేళ్ళ క్రితం నా కడుపుకు బ్యాండ్ వేయించుకున్నాను. జీర్ణాశయం పైభాగానికి సిలికాన్ పట్టీ ఒకటి చుట్టి బిగిస్తారు. కాస్త తినగానే కడుపు నిండినట్టు ఉంటుంది. అప్పటికి నేను నూట పద్దెనిమిది కిలోలు. బ్రూక్‌ఫీల్డ్‌లో మా ఆఫీసు మూడో అంతస్తు. లిఫ్టు పాడైందని మెసేజ్ వస్తే నాకు ఆ పూట జ్వరం వచ్చేది. షుగరు కూడా మొదలైంది. ఇక లాభం లేదనుకుని, మా ఆయనకు చెప్పి ఆసుపత్రిలో చేరాను. అమ్మకు చెప్పలేదు.

నాన్న పోయాక అమ్మ మాతోనే ఉంటోంది. వంటింటి పెత్తనం ఆమెదే. చెప్పకపోవడానికి కారణం ఉంది. కె.ఆర్.పురంలో మా వీధిలోనే ఒకావిడ ఇలాంటి ఆపరేషనే చేయించుకుందని తెలిసిన రోజు, అమ్మ గుమ్మంలో కూర్చుని ఆకుకూర తుంచుతూ అంది: "నోరు కట్టుకునేదానికి చేతగాక కడుపు కోయించుకునిండాది." ఆ మాట చెవిన పడ్డాక చెప్పే ధైర్యం ఎవరికొస్తుంది? పిత్తాశయంలో రాళ్ళు తీయించుకుంటున్నానన్నాను. పొట్ట మీద చిన్న గాట్లు, రెండు రోజుల ఆసుపత్రి. అబద్ధం చక్కగా అతికింది.

మరీ చక్కగా అతికింది. రాళ్ళు మళ్ళీ రాకూడదని, ఆ రోజు నుంచి అమ్మ ప్రతి టమాటానూ కోసి, చెంచాతో గింజలు గీకి పారేసి మరీ వండడం మొదలుపెట్టింది. గింజలకు భయపడేది మూత్రపిండాల రాళ్ళ గురించి కదమ్మా అన్నాను. "రాయి యాడుంటే ఏమప్పా, సుమ్నే ఉండు" అని నా నోరు మూయించింది.

మొదటి రెండేళ్ళలో ముప్ఫై కిలోలు తగ్గాను. అమ్మ దిష్టి తీసింది. ఏది తిన్నా ఇరవై సార్లు నమలమన్నారు, నమిలాను. ఆఫీసులో నా డబ్బా పూర్తయ్యేసరికి పక్కవాళ్ళు కాఫీ కూడా తాగి వచ్చేవాళ్ళు. ఇంట్లో ముద్ద మాత్రం మింగాను. అది అడ్డంపడేది. ఛాతీ మధ్యలో ఎవరో పిడికిలి బిగించి పట్టుకున్నట్టు ఉండేది. లేచి బాత్రూముకెళ్ళి, కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో కక్కేదాన్ని. తిరిగొచ్చి కూర్చోగానే "ఇంగొంచెం పెట్టేదా?" అనేది అమ్మ. వద్దంటే అనుమానం వస్తుందని పెట్టించుకునేదాన్ని. వారానికి మూడు నాలుగుసార్లు, ఏళ్ళ తరబడి ఇదే వరస.

మెల్లగా నేను కూడా తెలివిమీరాను. గట్టివి దిగకపోతే మెత్తవి ఉన్నాయి కదా. బాదం పాలు దిగుతాయి. పాయసం దిగుతుంది. కరిగిన ఐస్‌క్రీముకు ఏ పట్టీ అడ్డం కాదు. తగ్గిన కిలోలన్నీ తిరిగి ఇల్లు చేరాయి.

తర్వాత పులితేన్పులు, దగ్గు. వంగి చెప్పులు వేసుకుంటే నోట్లోకి పులుపు. తెల్లటి మందు తాగించి ఎక్స్‌రే తీశారు. పట్టీ కిందికి జారిపోయి, దాని పైన జీర్ణాశయం సంచిలా ఉబ్బి కనిపించింది. సర్జన్ కోస్తా నుంచి వచ్చినాయన, మహా నెమ్మదస్తుడు. "బ్యాండ్ స్లిప్ అయిందండీ. ముందు తీసేద్దాం, మూడు నెలలు హీల్ అవనిద్దాం. ఆ తర్వాత గ్యాస్ట్రిక్ బైపాస్, అంటే జీర్ణాశయాన్ని చిన్నది చేసి పేగుకు కలపడం. రెండోసారి కదా, లోపలంతా అతుక్కుని ఉంటుంది, రిస్క్ కాస్త ఎక్కువే" అన్నారు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పట్టీ మీద, నా మీద, ఆయన నెమ్మదితనం మీద కూడా. ఒకసారి ఓడిపోయాను కాబట్టి ఇంటికెళ్ళి కూర్చోవాలా? చేయించుకుంటానని అక్కడే చెప్పేశాను. డైటీషియన్ సరేనంటేనే తేదీ ఇస్తానన్నారు.

డైటీషియన్ నా వయసులో సగం ఉంటుంది. మదనపల్లె పిల్ల. రోజూ తినేవన్నీ రాయమంది, రాశాను.

"అన్నీ నమిలే తింటారా మేడమ్?"

"ఇరవై సార్లు," అన్నాను గర్వంగా.

కాగితం మీద ఒకచోట వేలు పెట్టింది. "మరి ముద్ద?"

ఇన్నేళ్ళూ ఏ డాక్టరు అడిగినా నమిలే తింటున్నానని చెప్పాను. అబద్ధం ఆడుతున్నానని ఒక్కసారీ అనిపించలేదు. నమలాల్సిన వాటిలోకి ముద్ద వస్తుందని నాకు తట్టనే లేదు.

"మా ఇంట్లోనూ మింగేదే, అందుకే అడిగినా" అంది ఆ పిల్ల. బ్యాండ్ జారడానికి ముద్దే కారణమని చెప్పలేమని, బాగా నమిలేవాళ్ళకూ జారుతుందని, కాని అన్నేళ్ళ వాంతులు మేలు మాత్రం చేసుండవని చెప్పింది. చివర్లో అసలు మాట చెప్పింది. "బైపాస్ అయినాక మీకు వండేవాళ్ళకు తెలీకుండా ఏదీ జరగదు మేడమ్. ఈసారి వాళ్ళను పిల్చుకుని రండి. అంతవరకు నేను సరే అనలేను."

తిరిగొస్తూ, కె.ఆర్.పురం స్టేషన్ పాదచారుల వంతెన ఎక్కుతూ ఎప్పటిలాగే రెండుచోట్ల ఆగాను. రెండోచోట రెయిలింగ్ పట్టుకుని ఎగశ్వాస తీస్తుంటే నా మీద నాకే నవ్వొచ్చింది. మళ్ళీ మళ్ళీ పొట్ట కోయించుకోవడానికి సిద్ధపడ్డదాన్ని, డెబ్భై నాలుగేళ్ళ ముసలమ్మకు నిజం చెప్పడానికి జంకుతున్నాను. ఈ మెట్లు ఆగకుండా ఎక్కాలంటే ఇవాళే చెప్పాలి అనుకున్నాను.

ఇంటికెళ్ళేసరికి అమ్మ వంటింట్లో టమాటా గింజలు గీకుతోంది. సంచి కూడా దించకుండా చెప్పేశాను. రాళ్ళు లేవని, ఎప్పుడూ లేవని, పట్టీ అని, మింగినవి అడ్డంపడి కక్కేదాన్నని, ఇక ఏదైనా నమిలే తినాలని, పట్టీ జారిందని, మళ్ళీ కోస్తారని, డైటీషియన్ పిల్ల తననూ రమ్మందని. చెంచా ఆగింది.

"అంటే ఈ గింజలు తీసింది?"

"ఊరికేనమ్మా."

"తొమ్మిదేండ్లా?"

గింజల గిన్నె పక్కకు నెట్టి మళ్ళీ అడిగింది.

"కుళాయి తిప్పేది? చేతులు కడుక్కునేదానికి అనుకుంటి కదే నేను. నా చేతి ముద్దనా కక్కింది?"

"ఊఁ."

చెంచా కింద పెట్టి తన గదిలోకి వెళ్ళిపోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వంట మాత్రం మానలేదు. ఆ రెండు రోజులూ సారులో టమాటా గింజలు తేలాయి.

మూడో రోజు ఆదివారం. మధ్యాహ్నం రెండు పళ్ళేలు తెచ్చి పెట్టింది. రెండింటిలోనూ నిమ్మకాయంత ముద్దలు. ఎదురుగా కూర్చుంది.

"ఎన్నిసార్లంట?"

"ఇరవై."

పుట్టి బుద్ధెరిగాక ముద్దను నమలని మా అమ్మ, చిన్న ఉండ తుంచి నోట్లో పెట్టుకుని, కట్టుడు పళ్ళతో నమలడం మొదలుపెట్టింది. ఎడమచేతి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటోంది. ముఖం రకరకాలుగా ముడుచుకుపోయింది. నాకు నవ్వు రావాలి, ఏడుపొచ్చింది. ఇరవయ్యోది అయ్యేదాకా మింగలేదు.

"థూ, బంక మాదిరి ఉండాది," అంది నీళ్ళు తాగి. నా వైపు చూడకుండా అంది: "ఆ పొద్దు మన వీధిలో ఆయమ్మను నేను ఆ మాట అనకుండా ఉంటే నువ్వు చెప్పిందువు."

ఖాళీ అయిన ఆమె గ్లాసులో నీళ్ళు నింపాను.

"సరే, నువ్వూ నములు. రేపు ఆ పాప అడిగితే నేను అబద్ధం చెప్పను."

ఉండ తుంచి నోట్లో పెట్టుకున్నాను. నిజంగానే బంకలా ఉంది. పంటికీ అంగిటికీ అంటుకుంటోంది. అమ్మ నా దవడ వైపే చూస్తూ వేళ్ళు మడుస్తోంది. పన్నెండు దాకా నమిలి, పాత అలవాటుకొద్దీ మింగబోయాను.

"ఇంకా ఎనిమిది ఉండాయి" అంది అమ్మ.