పెద్దమ్మ వరాంగ్‌లో రామభజన

సెయింట్ పియర్‌లో మా పెద్దమ్మ కన్నుమూసిందని కబురొస్తే కట్టుబట్టలతో బయల్దేరాను. దారిపొడుగునా ఏడుస్తూనే ఉన్నాను. తీరా ఆవిడ జాలీ తలుపు కనిపించేసరికి నవ్వొచ్చింది. ఏం చెయ్యను, ఆవిడ జ్ఞాపకాలన్నీ అలాంటివే.

పిల్లల్లేరు, పెదనాన్న ముందే పోయాడు. శనివారం సాయంత్రాలు ఇంటిముందు వరాంగ్‌లో జరిగే రామభజనే ఆవిడకి సంసారం. చెరుకుతోట వైపు, నేలకి ఎత్తుగా చెక్కపలకలు పరిచిన వసారా అది. నడుమ దీపం, చుట్టూ అడుగులేస్తూ పాడేవాళ్ళం. బాధల్లా దోమలతోనే. ఊళ్ళో జ్వరాలు ముదిరాక తల్లులు పిల్లల్ని పంపడం మానేశారు. భజన వేరే ఇంటికి మారుద్దామన్న మాట లేచింది. అది విని పెద్దమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

తేరుకుని చుట్టూ సన్నతీగ జాలీ కొట్టించింది, జాలీ తలుపూ పెట్టించింది. అయినా పాట ఊపందుకోగానే కాళ్ళ దగ్గర కుట్టడం మొదలు. మమ్మల్ని ఆడుతూనే ఉండమని చెప్పి, లాంతరు పట్టుకుని ఆవిడే వసారా కిందికి దూరింది. మేం అడుగేసినప్పుడల్లా అక్కడ నక్కిన దోమలు లేచి, పలకల సందుల్లోంచి పైకొస్తున్నాయట. నెత్తినిండా బూజుతో బయటికొచ్చి, "మనం రాముణ్ణి పిలుస్తుంటే ఇవి పలుకుతున్నాయర్రా" అంది. మర్నాడే పలకలు ఊడదీయించి, అడుగున జాలీ పరిపించి, మళ్ళీ బిగింపించింది.

ఇక మిగిలింది మా భక్తి. వచ్చినవాళ్ళల్లా తలుపు బార్లా తీసి, గడప కళ్ళకద్దుకుని, దీపానికి తీరిగ్గా దణ్ణం పెట్టేవాళ్ళు. దోమలూ వాళ్ళతోపాటే లోపలికి. పూజారిగారైతే అక్కడే నిలబడి శ్లోకం కూడా చదివేవారు. పెద్దమ్మ ఆయన్నీ వదల్లేదు.

"దణ్ణం బయటే పెట్టుకోండి బాబూ. రాముడికి జాలీలోంచి కూడా కనబడతారు."

అలా నేర్పింది: బయట దణ్ణం, పక్కకి తిరిగి గభాలున లోపలికి, వెంటనే తలుపు. పిల్లలు మళ్ళీ వచ్చారు, వరాంగ్ కిటకిటలాడింది. ఆవిడ సంబరం చూసి తీరాలి.

పెద్దకర్మ అయ్యాక, భజన ఇక ఎవరింట్లోనో అని బెంగపడ్డాను. ఎవరూ ఆ మాటే ఎత్తలేదు. శనివారం వచ్చేసరికి అందరూ ఇక్కడికే వచ్చారు. తలుపు దగ్గర అదిలించే మనిషి లేదు. అయినా పూజారిగారు మూసిన తలుపు ముందు ఆగి చేతులు జోడించారు. ఆయన వెనక వాకిలి నిండా జనం, జాలీలోంచి దీపాన్ని చూస్తూ, దణ్ణం పెట్టుకుంటూ, ఒక్కొక్కరే పక్కకి తిరిగి లోపలికొస్తున్నారు.