నిర్మల్ ఘాట్ల మీద అక్బర్ బండి

అక్బర్‌తోని పెండ్లయిన కొన్నాళ్లకే ముబీనాకు నౌకరి ఆర్డరు వచ్చింది. బోథ్ సర్కారు దవాఖానల నర్సు పని. ఏండ్ల సంది పరీక్షలు రాసుకుంట ఎదురుచూసిన కొలువు. వద్దనే మాట ఎవరి నోట్లకెల్లి రాలే. అక్బరే తన పికప్ బండిల మంచం, గ్యాస్ పొయ్యి, ట్రంకుపెట్టె ఏసుకపోయి ఆమెను బోథ్‌ల దించిండు. తిరిగి కరీంనగర్ వచ్చేటప్పుడు ఖాళీగ ఉన్న పక్క సీటు దిక్కు ఒక్కసారి గూడ చూడలే.

బోథ్‌కు మకాం మారుద్దామని ఆయన చూడక కాదు. ఒక నెల అక్కడనే ఉండి చూసిండు. పంటలు చేతికొచ్చే కాలం తప్పితే ఆ ఊర్ల బండికి కిరాయిలు లెవ్వు. కరీంనగర్‌ల అయితే కూలర్లు, బీరువాలు అమ్మే దుకాణం ఆయన బండినే నమ్ముకొని నడుస్తది. అందుకని ఆదిలాబాద్ దిక్కు ఏ లోడు పడ్డా "నేను పోత" అని ముందుగాల చెయ్యి లేపేది అక్బరే. దుకాణంల వాళ్లు ముసిముసిగ నవ్వేటోళ్లు. ఆయనకు సిగ్గయ్యేది గని చెయ్యి దించకపోయేది.

పోయిన చలికాలం బండికి గేర్లు గట్టిగ పడుడు మొదలైంది. నిర్మల్ దాటి ఘాట్లెక్కుతుంటే కాళ్ల కింది రేకు కాలేది, మాడిన వాసన వచ్చేది. మెకానిక్ జియావుల్లా దగ్గరికి తీసుకపోయిండు. అక్బర్‌కు స్టీరింగ్ పట్టుడు నేర్పింది గూడ ఆ పెద్దాయనే. ఆయన గేర్‌బాక్స్‌ల నూనె మార్చి, కింద సెన్సార్ బిగించి, స్టీరింగ్ పక్కన గుండ్రటి మీటరొకటి పెట్టిండు.

"గీ ముల్లు లోపల నూనె ఎంత వేడున్నదో చెప్తది బేటా."

"ఎంతుంటే మంచిది చాచా?"

"సాఫ్ రోడ్డు మీద ఎనభై దాకా ఉంటది. లోడుతోని ఘాటెక్కితే వందకు పోతది, దిగంగనే మల్ల తగ్గుతది. గంతదానికి పరేషాన్ కాకు. నీ బండికి ఏది అలవాటో ముందుగాల అది కనిపెట్టు. అలవాటు దాటిపోయి, తగ్గకుంట అక్కడనే నిలవడ్డదనుకో, అప్పుడు భయపడు. నూటిరవై రాకముందే ఆపు. తొందరపడ్డవా, లోపలి గేర్ల పండ్లరిగి గేర్‌బాక్సే పోతది."

అక్బర్ కనిపెట్టిండు. ఖాళీ బండికి ముల్లు యాడుంటది, బీరువాలేస్తే యాడికి పోతది, వాన రోజు ఎంత, ఎండల ఎంత, అన్నీ ఆయనకు కంఠపాఠమైనయి. ఘాటు మొదట్ల చాయ్ తాగేదాక బండిని ఆపి, సెకండ్ గేర్‌ల నిమ్మళంగ ఎక్కుడు అలవాటు చేసుకున్నడు. ప్రాణం మాత్రం బోథ్ దిక్కు ఉరుకుతుండేది.

మాపటీలి ఫోన్‌ల ముబీనాకు గూడ అదే ముచ్చట. "ఇయ్యాల తొంభై దాటలే ముబ్బీ."

"నేనెట్లున్ననో అడుగకముందే బండి జ్వరం చెప్తవు" అని ఆమె నవ్వేది. "నా దగ్గరికొచ్చే తల్లులు గూడ గింతే. పోరగాండ్లు ఎండల ఎగిరొచ్చి ఒళ్లు వెచ్చగుంటే జ్వరమని ఎత్తుకొస్తరు. జరసేపు నీడకు కూసోబెట్టి మల్ల చూస్త. సగం మందికి ఏముండది."

ముచ్చట అయిపోయినంక గూడ ఇద్దరిల ఎవ్వరు ఫోన్ పెట్టకపోయేటోళ్లు. ఆమె గిన్నెలు కడిగే చప్పుడు, నల్లా బంద్ చేసే చప్పుడు అక్బర్ చెవి ఆనించి వినేటోడు.

ఎండలు ముదిరిన రోజులల్ల ఆమెకొక సెలవు దొరికింది. అదే రోజుకు బోథ్ దుకాణానికి కూలర్ల లోడు గూడ పడ్డది. అక్బర్ ఖుషికి హద్దు లేదు. దుకాణపాయన కూలర్ల మీద ఇంకో నాలుగు ఇనుప మంచాలు ఎక్కిస్తుంటే, ఎక్కువైతయని తెలిసి గూడ నోరు తెరువలే. మాట్లాడితే ఆలస్యమైతదని ఆయన ఫికర్. జగిత్యాలల ఆపి ముబీనాకు మామిడిపండ్లు కొన్నడు. ఘాటు మొదట్ల చాయ్‌కు గూడ ఆగలే.

రెండో మలుపుకే ముల్లు వంద దాటింది. జర సాఫ్‌గున్న తావుల తగ్గాలె, తగ్గలే. ఇంకొంచెం ఎక్కితే దిగుడే కదా అనుకున్నడు. నూటపది దాటింది. ముబీనా అన్నం వండి వాకిట్ల నిలబడి ఉంటది అనుకున్నడు. అప్పుడు మాడిన వాసన కొట్టింది. బండిని రోడ్డు అంచుకు తీసి, ఇంజన్ బంద్ చేసి, చక్రాలకు రాళ్లు పెట్టిండు. కిందికి వంగి చూస్తే గేర్‌బాక్స్ ఎనుక నుంచి నూనె చుక్క చుక్క కారుతున్నది.

ఫోనుకు సిగ్నల్ దొరికేదాక ఎండల పైకి నడిచిండు. జియావుల్లా చాచా అంతా విని, "కదిలియ్యకు. నిర్మల్‌ల రాయమల్లని నా దోస్తు ఉన్నడు, పంపిస్త. ఆయన చేతిల వేరే పనున్నది, రానీకి పొద్దు వంగుతది" అన్నడు.

తర్వాత ముబీనాకు చేసిండు. ఆమె సంగతి అంతా విన్నది. "కూర గూడ అయింది" అన్నది.

ఆయన కిందికి దిగి వచ్చేసరికి బోథ్ పోయే బస్సు ఎక్కుకుంట వస్తున్నది. ఒక్క క్షణం ఎక్కుదామనిపించింది. మందిసామాను రోడ్డు మీద ఇడిచి ఎట్ల పోతడు? చెయ్యి అడ్డం పెట్టి బస్సాపి, మామిడిపండ్ల సంచి కండక్టరమ్మ చేతికిచ్చిండు.

"బోథ్ దవాఖాన నర్సమ్మ ముబీనా. జర ఆమెకు అందియ్యక్కా."

"మా నర్సమ్మనా? నాకెర్కలేకేంది, దినాం మా బస్సుకే ఊర్లు తిరుగుతది" అని ఆమె సంచి తీసుకున్నది. బస్సు మలుపు తిరిగిపోయింది. పండ్లు పోతున్నయి, తను పోతలేడు. అక్బర్ బండి నీడకు కూలబడ్డడు. టేకు చెట్లకు ఒక్క ఆకు లేదు, అడవి మొత్తం ఎండకే ఇడిచిపెట్టినట్టున్నది.

రెండు గంటలు అట్లనే కూసున్నంక ఒక కునుకు పట్టింది, బ్రేకుల చప్పుడుకు లేచిండు. అదే బస్సు, తిరుగు ప్రయాణం. మెట్ల మీదికెల్లి ముబీనా దిగింది, ఒక చేతిల టిఫిన్ డబ్బ, ఇంకో చేతిల అదే మామిడిపండ్ల సంచి.

"నువ్వు రాకుంటే నేను రావద్దా?" అన్నది.

అక్బర్ లేచి సంచి అందుకున్నడు. ఇద్దరు బండి నీడకు దుప్పటేసుకొని కూసున్నరు. అన్నం చల్లారింది గని ఆయన డబ్బ అడుగు దాకా ఊడ్చిండు. కోతులు మామిడిపండ్ల వాసనకు చుట్టు చేరితే ఆమె చున్నీతోని అదిలించింది, పొట్టు అంతా వాటికే ఏసింది. ఏం మాట్లాడుకున్నరో తర్వాత ఆయనకు సరిగ యాదికి లేదు. ఆమె భుజం తన భుజానికి తగిలిన సంగతి ఒక్కటే యాదికున్నది.

పొద్దు వంగినంక రాయమల్లు మోటారుసైకిల్ మీద వచ్చి బండి కింద దూరిండు. "సీలు పోయింది తమ్మీ. టైముకు ఆపినవ్, ఇంకో మలుపు ఎక్కితే గేర్ల పండ్లు మిగులకపోయేటియి. నూనె పోస్త, మెల్లగ నిర్మల్‌కు దింపుదాం. బాక్సు దించి చెయ్యాలె, ఒక్కనాడుతోని కాదు."

"నేనూ నిర్మల్‌కు వస్త" అన్నది ముబీనా. మల్ల ఆమెనే తల అడ్డంగ ఊపింది. "రేపు టీకాలెయ్యాలె. తల్లులు పిల్లల్నెత్తుకొని ఊర్లకెల్లి వస్తరు."

బోథ్ బస్సు వచ్చింది. ఆమె కిటికీకెల్లి చెయ్యి ఊపలే, ఊరికె చూసుకుంట పోయింది. బస్సు పైకి, ఆయన కిందికి.

బండి బాగైనంక కూలర్లు దించనీకి అక్బర్ బోథ్ పోయిండు. ఆ దినం ముబీనా డ్యూటీ మీద చుట్టుపక్కల ఊర్లకు పోయింది, కలువలే. సామాను దించిన దుకాణంల పత్తి మిల్లు మేనేజరు హనుమండ్లు కలిసిండు. "దసరా ఎల్లినంక రా. చేన్లకెల్లి పత్తి మొయ్యనీకి మాకు బండ్లు దొరుకయి. ఎండకాలం దాకా నీకు చేతినిండ పని" అన్నడు. అక్బర్ అక్కడనే సై అని, ముబీనాకు ఫోన్ చేసిండు.

"ఎన్ని నెలలు ఉంటవు?" అన్నది ఆమె.

"పత్తి ఉన్నన్ని రోజులు."

తిరిగొచ్చేటప్పుడు ఊరి బయట బండి ఆపి దిగిండు. మిరుగం కార్తె మొదటి వాన పడ్డది. ఆడోళ్లు వరుసగ వంగి పత్తి ఇత్తనాలు పెడుతున్నరు. ఆయన గట్టు మీద నిలబడి చానసేపు ఆ చేను దిక్కే చూసిండు. నల్లరేగడి తడితడిగ ఉన్నది, ఇత్తనం ఇంక మొలువనే లే.