బాపు చెవిలో నేను పెట్టిన పువ్వు

చెవి మిషన్ ఎంత బరువుంటుంది? చింతగింజంత కూడా ఉండదు. అలాంటివి రెండు బాపు చెవులకు పెట్టి, వాటి బరువు రెండేళ్లకు పైగా నేను మోశాను. పడుకునేముందు ఆయన వాటిని తీసి డబ్బాలో పెట్టుకునేవాడు. నాకు ఆ సౌకర్యం లేకపోయింది. మీకు చెప్పడానికి నాకు భయం లేదు. మీరు నారాయణపేట వచ్చినా నన్ను పట్టుకోలేరు. ఇక్కడ సెల్‌ఫోన్ దుకాణాలు వరసగా ఉంటాయి, ప్రతి దాంట్లోనూ నాలాంటివాడే ఒకడు తలవంచుకుని ఏదో ఫోన్ విప్పుతూ కనిపిస్తాడు.

మాది నేత ఇల్లు. బాపు నలభై ఏళ్లు మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని చీరలు నేశాడు. నాకు అంత ఓపిక లేదు, ఫోన్లు బాగుచేయడం నేర్చుకున్నాను. మా వాడలో పొద్దున లేచిన దగ్గర నుంచి నాలుగు వైపులా మగ్గాల చప్పుడే. ఆ చప్పుడు మధ్యే బాపు చెవులు మెల్లగా మందగించాయి. అమ్మ మూడుసార్లు పిలిస్తే నాలుగోసారికి తల తిప్పేవాడు. అదీ అమ్మ వైపు కాదు, గోడ వైపు.

పాలమూరు తీసుకెళ్లి పరీక్ష చేయించమంది అమ్మ. సరే, సోమవారం పోదామన్నాను. ఒక సోమవారం పోయింది, ఇంకో సోమవారం పోయింది. ఇంతలో ఆన్‌లైన్‌లో ఒక మిషన్ చూశాను. ఇంట్లోనే ఫోన్‌తో పరీక్ష చేసుకుని, మనమే సెట్ చేసుకోవచ్చట. చెవి మిషనంటే ఏముంది, చిన్న మైకూ చిన్న స్పీకరూ. రోజుకు పది స్పీకర్లు మార్చేవాణ్ని, నాకు రాదా? నిజం చెప్పాలంటే అది బద్ధకం కూడా కాదు. పొగరు.

కానీ బాపు మొండికేశాడు. నేను చిన్నప్పుడు ఆయన రేడియో విప్పి మళ్లీ బిగించలేకపోయిన సంగతి ఆయన మరిచిపోలేదు. "డాక్టర్ పెడితెనే పెట్టుకుంట, నువ్ జెయ్యి వెట్టకు" అన్నాడు. అందుకని అబద్ధమాడాను. పరీక్ష ఫోన్‌లో చేస్తామనీ, అది పాలమూరు డాక్టర్ సాబ్‌కు పోతుందనీ, ఆయనే అక్కడ కూర్చుని సెట్ చేస్తాడనీ చెప్పాను. చెవిలో పువ్వు పెట్టడమంటే అదే. పెట్టాను, ఆయన మురిసిపోయాడు.

ఇక ఆ పరీక్ష. నిశ్శబ్దంగా ఉన్న గదిలో చేయమని ఫోన్ చెప్పింది. పట్టపగలు మా వాడలో నిశ్శబ్దం ఎక్కడిది? తలుపు మూశాను, అంతే. చెవిలో సన్నగా కూత వినపడినప్పుడల్లా తెర మీద వేలు నొక్కమన్నాను. బాపు నొక్కడం మొదలుపెట్టాడు. ఎంత బాగా నొక్కుతున్నాడో! ఒక్క కూత కూడా వదలడం లేదు. కాసేపటికి నాకు అర్థమైంది. ఆయన నొక్కుతున్నది కూతలకు కాదు. పక్కింటి మగ్గం దెబ్బకు. అక్కడ పోగును తట్టే పలక పడినప్పుడల్లా ఇక్కడ ఆయన బొటనవేలు పడుతోంది. చెవికి ఆ దెబ్బ ఎంత అందిందో తెలియదు కానీ, నేల అదురు ఆయన కాళ్లకు తెలుసు. నలభై ఏళ్ల అలవాటు, వేలు దానంతటదే ఆడుతోంది.

నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా. ఫోన్ లెక్కకట్టి, ఈయన వినికిడి దాదాపు బాగానే ఉందని తేల్చింది.

అప్పుడు ఆపి ఉండాలి. మళ్లీ చేద్దాం బాపూ అనో, పద పాలమూరు పోదాం అనో ఉండాలి. ఎందుకు అనలేదు? దుకాణం తెరిచే టైమైందని నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. మళ్లీ చేస్తే నాకు రాదని తేలిపోతుంది కదా, అదీ అసలు సంగతి. సరే అని నొక్కేశాను. వినపడటం లేదని ఆయన అంటే, మొత్తం సౌండ్ పెంచేశాను.

దాంతో అన్నీ గట్టిగా వినపడ్డాయి, ఏదీ సరిగ్గా వినపడలేదు. గిన్నె పడితే పిడుగు పడినట్టు ఉలిక్కిపడేవాడు. మాట మాత్రం ముద్దగానే ఉండేది. మగ్గం మీద కూర్చుంటే తన పలక దెబ్బ తన చెవికే సుత్తి దెబ్బ అయ్యేది. మిషన్ తీసేస్తే, అటూ ఇటూ పోగును మోసే నాడె పక్కకు గీరుకునే సన్న చప్పుడు తెలిసేది కాదు. నేతగాడికి ఆ చప్పుడే హెచ్చరిక. అది వినపడక అంచు దగ్గర పోగులు తెగాయి. రెండు చీరలు పాడయ్యాయి.

మూడో చీర సగంలో ఉండగా బాపు మగ్గం దిగాడు. మిషన్ నా చేతిలో పెట్టి మెల్లగా అన్నాడు. "డాక్టర్ సాబ్ సెట్ చేసినంక గూడ గిట్లనె ఉన్నదంటె తప్పు మిషన్ల లేదురా. నాలనె ఉన్నది."

అప్పుడైనా చెప్పొచ్చు కదా? "ఫికర్ చెయ్యకు బాపూ, అలవాటైతది" అని మిషన్ మళ్లీ ఆయనకే పెట్టాను. ఆయన మగ్గం గుంత మీద చెక్కలు పరిచి మూసేశాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ తర్వాత నా దుకాణానికి వచ్చి కూర్చునేవాడు. ఊరికే ఉండలేక ఫోన్లకు స్క్రీన్ గార్డులు అంటించడం మొదలుపెట్టాడు. నేత వేళ్లు కదా, ఒక్క బుడగ ఉండేది కాదు. తాత అంటిస్తేనే అంటించుకుంటామని గిరాకీలు నన్ను పక్కకు జరిపేవాళ్లు. చార్జర్ అడిగితే కవర్ ఇచ్చేవాడు, కవర్ అడిగితే కుశలమడిగేవాడు. అందరూ నవ్వేవారు, ఆయనా నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ని.

ఈ ఏడు ఎండాకాలం ఒకమ్మాయి పగిలిన ఫోన్ పట్టుకుని వచ్చింది. గార్డు అంటిస్తున్న బాపు చెవి వైపు చూసి, "తాతా, గిది ఎవరు వెట్టిన్రు?" అంది. బాపు గర్వంగా "పాలమూరు డాక్టర్ సాబ్" అన్నాడు. ఆమె మెడలో కార్డు చూస్తే, పాలమూరులో చెవి పరీక్షలు చేసే మనిషే! ఒకసారి మిషన్ చూసింది, ఒకసారి నన్ను చూసింది. పడని స్క్రూ కోసం వెతుకుతున్నట్టు నేను బల్ల కిందికి వంగాను. "అన్నా, సోమవారం తోల్కరా" అని మాత్రం అంది.

ఈసారి సోమవారం తప్పిపోలేదు. చప్పుడు చొరబడని చిన్న గదిలో బాపును కూర్చోబెట్టి గంటసేపు పరీక్ష చేసింది. చెవిలోకి సన్న గొట్టం పెట్టి లోపల ఎంత వినపడుతోందో కొలిచింది. ముందుగా ఏం వినాలని ఉంది తాతా అని అడిగితే, అమ్మ పిలుపు అంటాడనుకున్నాను. "నాడె సప్పుడు" అన్నాడు. దానికి తగ్గట్టే కొత్త మిషన్‌లో సన్న చప్పుళ్లు పెంచింది, పెద్ద దెబ్బలు తగ్గించింది. మూడుసార్లు పిలిపించి సరిచేసింది. నాకు చేతకానిది ఏమిటో అక్కడ కూర్చుని చూశాను.

పోయిన వారం బాపు చెక్కలు తీసి మగ్గంలో దిగాడు. వాడంతా చూడటానికి వచ్చింది, అమ్మ అందరికీ చాయ్ పోసింది. అందరూ వెళ్లాక నేను గుంత పక్కన కూర్చున్నాను. తల వంచుకుని, పైకి చెప్పినట్టూ ఉండాలి, ఆయనకు అందకుండానూ పోవాలి అన్నంత మెల్లగా, అంతా చెప్పాను. మొదటి మిషన్ నేనే పెట్టానని. డాక్టర్ సాబే లేడని. పక్కింటి మగ్గం సంగతి నాకు ఆ రోజే తెలుసని.

నాడె ఆగింది.

"గింత మెల్లగ జెప్తవేందిరా? ఇనవడదనుకున్నవా?" అన్నాడు. నేను తల ఎత్తలేదు. తన వేళ్ల వైపు చూసుకుంటూ, "రెండేండ్లు నా చేతులను తిట్టుకున్న" అన్నాడు.

పోనీలే అనలేదు. తిట్టనూ లేదు. మళ్లీ నాడె విసిరాడు. నేను అక్కడే కూర్చుని, అంచు పూర్తయ్యే దాకా ఆ చప్పుడు విన్నాను.