ఆ రింగు ఎవరిది

ఎనభైల్లో ఒక చలికాలం, పులికాట్ సరస్సు ఒడ్డున పక్షుల కాళ్లకు అంకెల రింగులు వేసే కేంద్రంలో వారం రోజులున్నాను. మాది వరంగల్. వలలో పడిన పక్షులను వాళ్లు తూచి, రింగు వేసి వదులుతుంటే నేను పుస్తకంలో రాసేవాణ్ణి.

ఒక ఉదయం సత్యవేడు వైపు పల్లె నుంచి ఒకావిడ వచ్చింది. కొంగుముడి విప్పి, ఒక రింగు నా చేతిలో పెట్టింది.

"మా ఇంటాయన కూరకని పిట్టను పట్టుకొచ్చినాడప్పా. దాని కాలికి ఇది ఉన్నింది. నెల తిరక్కుండానే పాము కరిచి పోయినాడు. ఎవురో పెంచుకున్న పిట్టను తిన్న పాపమంటా ఉండారు. ఇప్పుడు నా కూతురికి జరం."

"దాన్నెవరూ పెంచుకోలేదమ్మా. ఎక్కడెక్కడికి పోతుందో తెలుసుకోవడానికి వేసిన రింగు ఇది."

"గుర్తు మీదే గదా? క్షమించినామని ఒక్క మాట సెప్పప్పా."

ఆ రింగును ఎవరైనా అలా అర్థం చేసుకుంటారని నాకెన్నడూ తోచలేదు. "క్షమించాం" అన్నాను. ఆవిడ ఇసుకలో కూలబడి ఏడ్చింది.

వెంటనే కేంద్రం జీపులో వెళ్లి, పిల్లను తిరుపతి ఆసుపత్రిలో చేర్చాం. మూడో రోజు నేను చూడబోయేసరికి పిల్ల పోయింది. వరండాలో కూర్చున్న ఆవిడ తలెత్తి నన్ను చూసింది.

"ఆ మాట నువ్వు మనసారా సెప్పినావా, అప్పా?" అంది.